కలల వాయిద్యం మొదట చెవికే దొరుకుతుంది

వార్షికోత్సవం దగ్గర పడగానే మన హాస్టళ్లలో పాటల రిహార్సల్స్ మొదలవుతాయి. సాయంత్రం స్టడీ అవర్ అయిపోయిందంటే చాలు, ఒక మూల కోలాటం, మరో మూల డప్పు, ఇంకో మూల సినిమా పాట. ఈ సందడిలో మేము ఎప్పుడు వచ్చినా తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, గిటారు నేర్చుకోవాలంటే ఏ కంపెనీది కొనాలె?"

మేము ఇదే హాస్టల్లో చదువుకుని, పాటల బృందాలతో ఊరూరూ తిరిగిన పాత విద్యార్థులం. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కానీ దాని వెనుక ఇంకో ప్రశ్న దాగి ఉంది. అసలు ఒక కళాకారునికి "నా వాయిద్యం ఇదే" అని మొదట ఎట్లా తెలుస్తుంది? కంపెనీ పేరు చూసా, ధర చూసా, లేక ఇంకేదైనానా? పెద్ద పెద్ద కళాకారుల జీవితాలు ఈ విషయంలో మనకు మంచి పాఠాలు చెబుతాయి. వాటిని మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

విన్న తర్వాతే పేరు

మన నల్లగొండ, పాలమూరు పిల్లలకు వాయిద్యాలు మొదట దుకాణంలో కనిపించవు. అవి జాతరలో వినిపిస్తాయి. పెద్దగట్టు జాతరలో భేరీల మోత, కురుమూర్తి జాతరలో డప్పుల దరువు, పెండ్లి ఊరేగింపులో బ్యాండు మేళం, ఆదివారం చర్చిలో గిటారు, కీబోర్డు, ఊరి నడుమ కళాబృందం పాట. వాటిని ఎవరు తయారు చేశారో, ఏ కంపెనీవో మనకు తెలియదు. ఆ చప్పుడు మాత్రం చెవిలో ఉండిపోతుంది.

బేస్ గిటారు సంగతి మరీ విచిత్రం. సినిమా పాట వింటున్నప్పుడు అది విడిగా మన చెవికి ఆనదు. మందమైన స్వరంతో అడుగున నడుస్తూ పాటను మోస్తుంటుంది. దాన్ని తీసేస్తే మాత్రం పాట బోసిపోయినట్టు వెంటనే తెలిసిపోతుంది. చాలామంది బేస్ కళాకారులు మొదట ఆ లోతైన ధ్వనిని ఇష్టపడి, తర్వాతే "దీని పేరేమిటి?" అని అడిగినవారు.

అమెరికాలో బి.బి. కింగ్ అనే మహా గిటారు కళాకారుడు ఉండేవాడు. 1925లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టాడు. చిన్నతనంలో పత్తి చేలల్లో పని చేసిన నల్లజాతి బిడ్డ. పత్తి ఏరడమంటే ఏమిటో మన జిల్లాల పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఆయన మనసు గిటారు మీదికి మళ్లింది చర్చిలో. పాస్టర్ గిటారు వాయిస్తుంటే చూసి, విని, తనకూ అది కావాలనుకున్నాడు.

తర్వాత ఆయన గిటారుకు ఒక పేరు కూడా వచ్చింది. 1949లో ఆర్కన్సా రాష్ట్రంలోని ట్విస్ట్ అనే ఊరిలో ఆయన పాడుతుండగా ఇద్దరు కొట్లాడుకొని హాలుకు నిప్పంటుకుంది. అందరితో పాటు బయటికి ఉరికిన కింగ్, లోపల ఉండిపోయిన తన గిటారు కోసం మళ్లీ మంటల్లోకి పోయి తెచ్చుకున్నాడు. ఆ గొడవ లూసిల్ అనే ఆమె గురించి జరిగిందని తెలిసి, ఇంకెప్పుడూ అట్లాంటి తెగింపు చేయకూడదని గుర్తుండేలా గిటారుకు లూసిల్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత వాయించిన గిటార్లన్నిటినీ ఆ పేరుతోనే పిలిచాడు. 1980లో గిబ్సన్ కంపెనీ "లూసిల్" పేరుతోనే ఒక గిటారును తయారు చేసి అమ్మకానికి పెట్టింది. చూడండి, చివరికి ఆయన గిటారు పేరు వెనుక కంపెనీ నడిచింది.

పెద్ద పేర్ల వెనుక ఉన్నవారు

ఇప్పుడు అందరూ కలలు కనే ఆ కంపెనీల పుట్టుక కూడా తెలుసుకుందాం.

లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊరిలో రేడియోలు బాగుచేసేవాడు. కళాకారులు తమ పాడైన యాంప్లిఫయర్లను ఆయన దగ్గరికి తెచ్చేవారు. వారి కష్టాలు వింటూ వింటూ ఆయనే వాయిద్యాల తయారీలోకి దిగాడు. 1946లో ఫెండర్ కంపెనీ పెట్టాడు. ఆశ్చర్యమేమిటంటే ఆయనకు గిటారు వాయించడం రాదు.

అప్పటి దాకా బేస్ వాయించాలంటే మనిషి ఎత్తున్న పెద్ద డబుల్ బేస్ మోసుకొని తిరగాలి. దానికి మెట్లు ఉండవు. సరైన చోట వేలు పడకపోతే స్వరం తప్పుతుంది. 1951లో ఫెండర్ మెడలో వేసుకొని వాయించే, మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ తెచ్చాడు. మెట్ల వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టి దానికి "ప్రెసిషన్ బేస్" అని పేరు పెట్టాడు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ గిటారు కూడా ఆయన కంపెనీదే.

గిబ్సన్ కంపెనీ ఇంకా పాతది. ఓర్విల్ గిబ్సన్ అనే పనిమంతుని పేరుతో 1902లో మిషిగన్ రాష్ట్రంలో మొదలైంది. మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించే గివ్సన్ మాత్రం కలకత్తా గిటారు. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ వేరు వేరు. మనవాళ్లు చాలామంది వేళ్లు మొదట కాయలు కాసింది ఈ గివ్సన్ తీగల మీదే.

జపాన్ యమహా కథ వింటే మన హాస్టల్ పిల్లలకు మరింత నచ్చుతుంది. 1887లో హమమత్సు పట్టణంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఆర్గన్ పాడైంది. బాగుచేయడానికి తొరకుసు యమహా అనే ఆయనను పిలిచారు. ఆయన దాన్ని విప్పి, లోపలి పనితనమంతా అర్థం చేసుకొని, తానే ఒక ఆర్గన్ తయారు చేశాడు. ఒక బడిలో జరిగిన రిపేరు పని నుంచి అంత పెద్ద కంపెనీ పుట్టింది.

ఒక్కో కంపెనీ గిటారు ఒక్కో తీరుగా ఎందుకు మోగుతుంది? ఇందులో మంత్రమేమీ లేదు. ఫెండర్ గిటార్లలో మోగే తీగ పొడవు సాధారణంగా 25.5 అంగుళాలు, గిబ్సన్ గిటార్లలో దాదాపు 24.75 అంగుళాలు. పొడవు పెరిగితే అదే స్వరానికి తీగను ఎక్కువ బిగించాలి. ధ్వని కొంచెం పదునుగా వస్తుంది. ఇక తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. తీగ కదలికను కరెంటుగా మార్చేది అదే. ఫెండర్‌లో ఎక్కువగా ఒంటి చుట్ట ఉంటుంది, మోత తేటగా ఉంటుంది. గిబ్సన్‌లో ఎక్కువగా జంట చుట్టలు ఉంటాయి, మోత బరువుగా, గుండ్రంగా ఉంటుంది. చెవి ఏ మోతను కోరుకుంటుందో దాన్ని బట్టి కళాకారుడు పేరును ఎంచుకుంటాడు.

జేబు చూపిన దారి

"మా దగ్గర పైసలు లేవు, అందుకే నేర్చుకోలేదు" అనే తమ్ముళ్లకు ఒక సంగతి చెప్పాలి. ప్రపంచంలో బీటిల్స్ బృందం పేరు వినని సంగీతకారుడు ఉండడు. ఆ బృందంలో పాల్ మెకార్ట్నీ బేస్ వాయించేవాడు. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఆయనకు బేస్ అవసరమైంది. ఫెండర్ బేస్ ధర దాదాపు 100 పౌండ్లు. అంత సొమ్ము ఆయన దగ్గర లేదు. దాదాపు 30 పౌండ్లకు వయొలిన్ ఆకారంలో ఉన్న హాఫ్నర్ బేస్ దొరికింది. ఆయనది ఎడమ చేతి వాటం. రెండు వైపులా ఒకే తీరుగా ఉన్న ఆ వాయిద్యాన్ని తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనిపించదు. అందుకని తీసుకున్నాడు.

అట్లా చౌకలో కొన్న వాయిద్యమే ఆయన గుర్తుగా మారింది. లోకమంతా దాన్ని "బీటిల్ బేస్" అని పిలిచింది. 1972లో అది దొంగల పాలైంది. 51 ఏండ్ల తర్వాత దొరికి మళ్లీ ఆయన చేతికి వచ్చిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. ప్రపంచంలో ఏ బేస్ అయినా కొనగల స్థితికి వచ్చిన తర్వాత కూడా ఆయన పాతదాన్ని మరువలేదు.

ఇంట్లో ఉన్న మాండొలిన్

మన తెలుగు నేల మీద ఇంతకంటే గొప్ప ఉదాహరణ ఉంది. మాండొలిన్ యు. శ్రీనివాస్ 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టారు. ఆరేండ్ల వయసులో ఇంట్లో ఉన్న తండ్రిగారి మాండొలిన్ చేతిలోకి తీసుకున్నారు. ఆయన ఏరి కోరి కొనుక్కున్నది కాదు, ఇంట్లో దొరికినది. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడి వినిపిస్తే శిష్యుడు వాయిద్యం మీద పలికించేవాడు.

మాండొలిన్ పాశ్చాత్య వాయిద్యం. దానికి నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. కర్ణాటక సంగీతంలోని గమకాలు దాని మీద పలకడం కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకొని, జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలతో వాయించారు. తనకు కావలసిన వాయిద్యం అంగడిలో లేకపోతే ఉన్నదాన్నే తన సంగీతానికి తగినట్టు మార్చుకున్నారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో 45 ఏండ్లకే కన్నుమూశారు. ఈరోజుకీ మాండొలిన్ అంటే తెలుగువారికి కంపెనీ పేరు గుర్తుకు రాదు, శ్రీనివాస్ పేరే గుర్తుకు వస్తుంది.

కంపెనీ లేని కిన్నెర

ఇక మన దగ్గరికే వద్దాం. ఉమ్మడి పాలమూరులో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట గ్రామానికి చెందిన దర్శనం మొగిలయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. ఈ కిన్నెర ఏ దుకాణంలోనూ దొరకదు. వెదురు బొంగు, ఎండు సొరకాయ బుర్రలు, తీగలు, మెట్లను అతికించే తేనె మైనం. ఇవే దాని సామాన్లు. ఫెండర్ తన బేస్‌కు పెట్టుకున్న మెట్లూ, మన కిన్నెర మెట్లూ చేసే పని ఒకటే. స్వరం ఎక్కడ పలకాలో వేలికి దారి చూపడం.

కిన్నెర కొత్త వాయిద్యం కాదు. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుని బసవ పురాణంలోనే కిన్నెర బ్రహ్మయ్య కథ ఉంది. మొగిలయ్య గారు ఈ విద్యను తండ్రి దగ్గర నేర్చుకున్నారు. పండుగ సాయన్న, మియాసాబ్ వంటి పాలమూరు వీరుల కథలను కిన్నెర మీద పాడుతూ ఊళ్లు తిరిగారు. 2021లో "భీమ్లా నాయక్" సినిమా పాటలో ఆయన గొంతు, కిన్నెర లోకమంతా విన్నది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి దాకా మన పక్క ఊళ్లలోనే వినిపించిన ఆ మోతను మనలో ఎంతమందిమి ఆగి విన్నాము? సినిమాలో వచ్చిన తర్వాతే "ఇది మన పాలమూరు వాయిద్యం" అని గర్వపడ్డవాళ్లు ఎక్కువ.

కిన్నెర వాయించేవారు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. తయారు చేయడం తెలిసినవారు నేర్పకుండానే పోతే మళ్లీ ఆర్డరు పెట్టి తెప్పించుకోవడానికి దానికి ఫ్యాక్టరీ లేదు.

ట్రంకు పెట్టె వెనుక డప్పు

ఇది కొంచెం మనసు విప్పి మాట్లాడవలసిన విషయం. మన హాస్టళ్లలో డప్పు మోత వింటూ పెరిగిన పిల్లలు ఎంతోమంది. తాత కొట్టాడు, నాయన కొట్టాడు. చిర్ర, చిటికెన పుల్ల పట్టడం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. కానీ కాలేజీకి పోయిన తర్వాత "నాకు గిటారంటే ఇష్టం" అని చెప్పడం తేలిక, "నాకు డప్పు వచ్చు" అని చెప్పడం కష్టం. చావుకు, చాటింపుకు ఊరు మన పెద్దల చేత వెట్టిగా కొట్టించిన వాయిద్యం అది. ఆ అవమానం వాయిద్యానికి కూడా అంటుకుంది.

1994లో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా ఎత్తి పట్టింది. తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం వేదికల మీద డప్పు లేని పాట లేదు. ఇప్పుడు ఆడపిల్లలు కూడా బృందాలుగా నిలబడి డప్పు కొడుతున్నారు. డప్పును మంట దగ్గర కాచి, వేలితో తట్టి, మోత సరిపోయిందా లేదా అని చెవి పెట్టి వినే తమ్ముడు చేస్తున్నదే, గిటారు తీగ బిగించి శ్రుతి చూసుకునే కళాకారుడు కూడా చేస్తున్నాడు. ఆ చెవి ఉన్నవానికి ఏ వాయిద్యమైనా లొంగుతుంది.

గిటారు కోరుకోవడం తప్పు అని మేము అనడం లేదు. గిటారు కూడా మనదే, బేస్ కూడా మనదే. ఫలానా వాయిద్యం ఫలానా వారిదే అనే మాటను మనం రెండు వైపులా ఒప్పుకోకూడదు.

కొనే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు. మొదట ఆరు నెలలు మంచిగా వినండి. పాటలో ఏ మోత మిమ్మల్ని పట్టి లాగుతోందో గుర్తించండి. తీగల మోతా, తోలు మోతా, అడుగున నడిచే బేసా? అది తేలితే సగం పని అయినట్టే.

కొనేటప్పుడు వాయించడం వచ్చిన వారిని వెంట తీసుకుపోండి. హైదరాబాద్ అబిడ్స్, కోఠి వైపు దుకాణాల్లో వాయించి చూడనిస్తారు. గిటారు మెడ వంకర లేకుండా ఉందా, ఒక కన్ను మూసి చివరి నుంచి చూడండి. తీగలు మెట్లకు మరీ ఎత్తుగా ఉంటే వేళ్లు నొప్పి పుట్టి వారంలో వదిలేస్తారు. ప్రతి మెట్టు మీద నొక్కి, జరజరమనే చప్పుడు రాకుండా చూడండి. బిగించిన శ్రుతి ఐదు నిమిషాలైనా నిలవాలి. ఈ నాలుగూ బాగుంటే తల మీద ఏ పేరున్నా పరవాలేదు. ఒకరు వాడి అమ్మినదైనా సరే. నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా సిగ్గేమీ లేదు. పాత తీగలు మార్చి కొత్తవి వేస్తే చౌక గిటారు కూడా గొంతు సవరించుకుంటుంది.

అంతవరకు చేతిలో ఏమీ లేదని ఆగకండి. మన హాస్టల్లో స్టీలు పళ్లెం ఉంది, రేకు పెట్టె ఉంది, ఇంటి దగ్గర డప్పు ఉంది. తాళం తప్పకుండా నిలబడడం వీటి మీద నేర్చుకున్నవాడు రేపు ఫెండర్ పట్టినా తడబడడు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరిలో కిన్నెర, శారద, జమిడిక, డప్పు వంటివి వాయించే పెద్దమనిషి ఎవరైనా ఉన్నారేమో అడగండి. పక్కన కూర్చొని రెండు దరువులు నేర్చుకొని రండి. వచ్చే వార్షికోత్సవంలో ఆ దరువును మన వేదిక మీద వినాలని మేమంతా ఎదురు చూస్తుంటాము.