పనిపాటలో లయ ఎవరిది?

పనిపాట శ్రమను మరిపించడానికే పుట్టిందని సాధారణంగా అంటుంటారు. ఇది సగం నిజమేనని నా అభిప్రాయం. పాట శ్రమను మరిపించడమే కాదు, శ్రమను నడిపిస్తుంది కూడా.

ఒకే రోలు దగ్గర ఇద్దరు స్త్రీలు ధాన్యం దంచటం గుర్తు చేసుకోండి. ఒక రోకలి లేస్తుంటే రెండోది దిగాలి. అదను తప్పితే రెండూ కొట్టుకుంటాయి. చూసి సర్దుకునే వ్యవధి అక్కడ లేదు. కన్ను చూసినదానికి చెయ్యి కదలాలంటే దాదాపు సెకనులో ఐదోవంతు పడుతుంది. అందుకే చెయ్యి ముందే సిద్ధపడాలి. ఎప్పుడన్నది చెప్పేది లయ. సమంగా వినిపించే దెబ్బకు తాళం వెయ్యమంటే, వేలు సాధారణంగా దెబ్బకన్నా లిప్తపాటు ముందే పడుతుందని ప్రయోగాలు తేల్చాయి. అంటే మనిషి లయ వెంట పోడు, దాన్ని ముందుగా ఊహిస్తాడు.

వస్తువును అందుకోవటమూ ఇంతే. వేళ్లు దారిలోనే తెరుచుకుంటాయి. చెయ్యి సుమారు మూడింట రెండు వంతుల సమయం గడిపేసరికి వాటి మధ్య ఎడం గరిష్ఠమై, ఆపైన వస్తువుకు సరిపడా తగ్గుతుంది. 1980ల్లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మార్క్ జానెరో దీన్ని వివరంగా చూపాడు. తొందరపెడితే వేళ్లు మరింత వెడల్పుగా తెరుచుకుంటాయి. గురి కాస్త తప్పినా పట్టు తప్పకూడదు కదా!

మా రాజాంకు దగ్గరలోని పొందూరులో సన్ననూలు వడికే స్త్రీ ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, రెండో చేత్తో ఏకును లాగుతుంది. చక్రం వెనకబడితే పోగు తెగుతుంది. ముందుకుపోతే పురి ఎక్కువై మెలిపడుతుంది.

జర్మన్ ఆర్థికవేత్త కార్ల్ బ్యూషర్ 1896లో శ్రమ, లయల మీద రాసిన గ్రంథంలో పాట మూలాన్ని పనిలోనే వెతికాడు. పాటలన్నీ అలాగే పుట్టాయనటం అతిశయోక్తి కావచ్చు. కాని ప్రశ్న సరైనది. 1920ల్లో మాస్కోలో బెర్న్‌స్టెయిన్ సుత్తి దెబ్బలను ఫోటోలు తీసి పరిశీలించాడు. దెబ్బ ఒకేచోట పడుతున్నా, నిపుణుడి చెయ్యి ప్రతిసారీ కొద్దిగా వేరే దారిలో పోతోంది. నైపుణ్యమంటే ఈ సర్దుబాటే.

జూట్ మిల్లులోనూ లయ ఉంది. అయితే అది మోటారుది. దంపుళ్లలో చెయ్యి అలిసినప్పుడు పాటే నెమ్మదిస్తుంది. యంత్రం ముందు చెయ్యే లొంగాలి. తేడా లయ ఉండటం, లేకపోవటంలో కాదు. దాని వేగాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారన్న దానిలో ఉంది.

అందుకని ఉభాల పాటలూ దంపుడు పాటలూ సేకరించేవారు మాటలతో సరిపెట్టకూడదు. ఏ పనికి, ఏ వేగంలో పాడారో, ఎవరు ముందు అందుకున్నారో కూడా రాసిపెట్టాలి.