బాబా కఫ్నీ చూసొచ్చారా?

భివండీ పద్మనగర్‌లో సాయిబాబా పటం పెట్టుకున్న ఇళ్లకు కొదువ లేదు. మగ్గాలకు సెలవొచ్చిందంటే నలుగురు కలిసి జీపు మాట్లాడుకోవాల్సిందే. నాసిక్ రోడ్డు పట్టుకుంటే షిర్డీ 200 కిలోమీటర్ల పైచిలుకు. లైన్లో గంటల కొద్దీ నిలబడి సమాధి దర్శనం, ఊదీ పొట్లం, పిల్లలకు పాలకోవ... ఇక తిరుగు ప్రయాణమే. రాత్రి పాళీకి మళ్లీ మగ్గం కాడ ఉండాలె గదా!

ఈ తొందర్లో చాలామంది దీక్షిత్ వాడా గడప తొక్కకుండానే వచ్చేస్తున్నారు. ముంబయి న్యాయవాది హరి సీతారాం దీక్షిత్ 1910లో పునాది వేసి కట్టించిన ఇల్లది. సమాధి మందిరం పక్కనే, సంస్థాన్ ఆవరణలోనే ఉంది. బాబా వాడిన వస్తువులను అక్కడ మ్యూజియంగా పెట్టారు.

అద్దాల వెనుక ఉన్నవి నగలు కావు. తోలు చెప్పులు, పొగ తాగిన చిలుములు, అన్నదానానికి వండిన పెద్ద రాగి హండాలు. ఆయాసంతో బాధపడుతున్నప్పుడు భక్తులు ఇచ్చిన చక్రాల కుర్చీ కూడా ఉంది. బాబా అందులో కూర్చోనే లేదంటారు.

మనోళ్లు ముఖ్యంగా చూడాల్సింది కఫ్నీ. మెడ నుంచి మడమల దాకా వేలాడే పొడుగు అంగీ. తాను చేతికి అందగానే పోగు తప్పింది పట్టేసే కన్ను భివండీ నేత కార్మికుడిది. ఆ కంటికి ఇదేమంత గొప్ప గుడ్డ కాదు, ముతక నూలే. 1918 విజయదశమి నాడు దేహం విడిచేదాకా బాబా వేషం ఇదే. వచ్చిన దక్షిణ పొద్దుగూకేసరికి పంచిపెట్టేవారు. అట్లాంటి ఫకీరుకు 2008లో హైదరాబాద్ భక్తుడొకరు బంగారు సింహాసనం సమర్పించారు! భక్తిని తప్పుపట్టలేం కానీ, సింహాసనం చూసిన కళ్లతో ఆ కఫ్నీని కూడా చూస్తేనే బాబా ఎట్లా బతికిండో తెలుస్తుంది.

అన్ని వస్తువులూ వాడాలోనే లేవు. కలరా రోజుల్లో బాబా గోధుమలు విసిరి, ఆ పిండి ఊరి పొలిమేరల్లో చల్లించారని సాయి సచ్చరిత్ర మొదటి అధ్యాయంలో ఉంది. ఆ తిరగలి ద్వారకామాయిలో ఉంది. ధుని అక్కడే ఇప్పటికీ వెలుగుతోంది.

మ్యూజియం చూడటానికి అరగంట చాలు. రాత్రికి తెరిచి ఉండదు కనుక, పొద్దున దర్శనం కాగానే వెళ్లడం మేలు.