గది తలుపు వేసుకునే బిడ్డ: ఎవరికి చూపించాలి?

"పదో తరగతి వరకు బాగానే ఉన్నాడండీ. ఇంటర్‌లో చేరాక ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఏమడిగినా విసుక్కుంటాడు." తలనొప్పి, కడుపునొప్పి అంటూ పిల్లల్ని మా దగ్గరకు తీసుకువచ్చే తల్లిదండ్రులు కొందరు, వెళ్లేముందు ఈ మాట చెబుతారు. చాలాసార్లు అసలు సమస్య అదే.

పొగరా? జబ్బా?

ఎదిగే వయసులో కాస్త ఏకాంతం కోరుకోవడం సహజమే. స్నేహితులతో మామూలుగా ఉంటూ, ఇంట్లో మాత్రమే ముభావంగా ఉంటే కంగారు పడనక్కరలేదు. కానీ స్నేహితులనూ వదిలేసి, ఇష్టమైన ఆటలు మానేసి, తిండి, నిద్ర, చదువు దెబ్బతిని, రెండు వారాలు దాటినా మార్పు లేకపోతే డాక్టరుకు చూపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10 నుండి 19 ఏళ్లవారిలో ప్రతి 7 గురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. ఇది సోమరితనం కాదు, గాలి సోకడం కాదు.

ఎవరి దగ్గరకు వెళ్లాలి?

ముందుగా మీకు తెలిసిన డాక్టరుకు చూపించండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా బిడ్డ నీరసంగా, దిగాలుగా ఉండవచ్చు. అవి లేవని తేలితే:

సైకియాట్రిస్టు: మానసిక వైద్యంలో పి.జి. చేసిన డాక్టరు. జబ్బును నిర్ధారించి, అవసరమైతేనే మందులు రాస్తారు.

క్లినికల్ సైకాలజిస్టు: మందులు రాయరు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడగడం తప్పు కాదు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవారందరికీ ఒకే అర్హత ఉండదు.

ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలలో తక్కువ ఖర్చుతో చూపించుకోవచ్చు. 2022లో ప్రారంభమైన టెలిమానస్ నంబరు 14416కు రాత్రి, పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మాటల చికిత్స ఎలా ఉంటుంది?

సాధారణంగా వారానికి ఒకసారి, ముప్పావుగంట నుండి గంట వరకు మాట్లాడతారు. "నేను దేనికీ పనికిరాను" అనే ఆలోచన ఎక్కడ మొదలైందో, అది నిజమేనా అని బిడ్డ తానే పరిశీలించుకునేలా నేర్పుతారు. మానేసిన పనులను కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టిస్తారు. రెండుసార్లు వెళ్లి గుణం లేదని మానవద్దు, కొన్ని నెలలు పట్టవచ్చు. బిడ్డ చెప్పినదంతా మీకు చెప్పరు. ప్రాణాపాయం ఉంటే మాత్రం తప్పక చెబుతారు. ఆ గోప్యత వల్లనే బిడ్డ నోరు విప్పుతుంది.

రానని మొండికేస్తే?

"నీకు పిచ్చి పట్టింది" అనకండి. అబద్ధం చెప్పి తీసుకురాకండి. "నీకు నిద్ర పట్టడం లేదు కదా, డాక్టరుగారితో ఒకసారి మాట్లాడదాం" అనండి. అయినా రాకపోతే ముందు మీరే వచ్చి సలహా తీసుకోండి.

ఒక్కరోజు కూడా ఆగకూడనప్పుడు

చావు గురించి మాట్లాడినా, చేతులు కోసుకున్నా, తనకిష్టమైన వస్తువులు ఇతరులకు పంచిపెడుతున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, మనసులో భారం కొంత దిగుతుంది. పురుగుమందులు, మాత్రలు తాళం వేసి ఉంచండి. బిడ్డను ఒంటరిగా వదలకండి. పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో మరింత కనిపెట్టి ఉండండి.

చాలామంది "పరీక్షలయ్యాక చూద్దాం" అంటారు. పరీక్ష మళ్లీ రాయవచ్చు. బిడ్డను మాత్రం ఇప్పుడే చూపించండి.