మెడ నిలవని బిడ్డకు కారు ప్రయాణం



కాన్పు అయిన తల్లులను ఇంటికి తీసుకువెళ్ళడానికి ఒకప్పుడు మా ప్రసూతి వార్డు ముందుకు ఆటోలే ఎక్కువగా వచ్చేవి. ఇప్పుడు చాలామందికి సొంత కారో, మాట్లాడుకున్న టాక్సీయో వస్తోంది. అమ్మమ్మ బిడ్డను పొత్తిగుడ్డల్లో చుట్టి ఒడిలో పెట్టుకుని వెనుక కూర్చుంటుంది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తారు. డ్రైవరు బెల్టు పెట్టుకుంటాడు, ముందు కూర్చున్న తండ్రి కూడా పెట్టుకుంటాడు. బిడ్డకు మాత్రం రెండు చేతులే ఆధారం.

ఆ చేతులు చాలవని చెప్పడానికే ఈ వ్యాసం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనినైనా గుద్దుకుని ఆగితే, లోపలివారికి తగిలే దెబ్బ సుమారు 10 మీటర్ల ఎత్తునుండి, అంటే మూడంతస్తుల మేడ మీదనుండి పడినంత ఉంటుంది. ఆ క్షణంలో 4 కిలోల బిడ్డ 80 కిలోల బరువుతో ముందుకు లాగుతుంది. అది వడ్ల బస్తా కంటే ఎక్కువ. ఎంత ప్రేమగల చేతులైనా దానిని ఆపలేవు. కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉన్నది మన సంఘస్థులకు తెలిసినదే. పిట్టగోడ లేని మూడో అంతస్తు అంచున బిడ్డను ఎత్తుకుని ఎవరూ నిలబడరు. కారులో మాత్రం రోజూ అదే చేస్తున్నాము.

కొందరు తల్లులు తమ బెల్టునే బిడ్డ చుట్టూ కూడా తిప్పి పెట్టుకుంటారు. ఇది ఇంకా ప్రమాదం. కారు గుద్దుకున్నప్పుడు తల్లి బరువంతా ముందుకు వచ్చి బిడ్డను బెల్టుకు వేసి నలిపేస్తుంది.

పిల్లల కారు సీటు మాట ఎత్తగానే నాయనమ్మలు అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇంకా మెడే నిలవలేదు, కుర్చీలో ఎలా కూర్చోబెడతారమ్మా?” ఇది మంచి ప్రశ్న. మెడ నిలవదు కాబట్టే ఈ సీటు అవసరం. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దవారిలో అది ఏడెనిమిది వంతుల్లో ఒకటి మాత్రమే. అంత బరువైన తలను మోసే మెడ ఎముకలు ఇంకా కొంతవరకు మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. అందుచేత పసిబిడ్డల సీటును వెనక్కి తిరిగి ఉండేటట్లు తయారుచేస్తారు. బిడ్డ వీపు డ్రైవరు వైపు, ముఖం కారు వెనుక అద్దం వైపు ఉండాలి. బిడ్డ అందులో నిటారుగా కూర్చోదు, సగం పడుకున్నట్లు వాలి ఉంటుంది. కారు ఒక్కసారిగా ఆగినప్పుడు తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు వెనుక భాగానికి ఆనుకుంటాయి. దెబ్బ వీపంతా పంచుకుంటుంది, మెడ మీద ఒక్కచోట పడదు. బిడ్డ ముందుకు తిరిగి ఉంటే ఒళ్ళు పట్టీల దగ్గర ఆగిపోతుంది, తల మాత్రం ముందుకు విసిరినట్లు పోతుంది.

ఏడాది నిండగానే “పెద్దవాడయ్యాడు, బయటకు చూస్తాడు” అని సీటును ముందుకు తిప్పేయవద్దు. ఐరోపాలోని కొత్త నిబంధన ప్రకారం కనీసం 15 నెలల వరకు వెనక్కి తిప్పే ఉంచాలి. సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటేవరకు అలాగే ఉంచడం మేలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో చెప్పింది. కాళ్ళు ముడుచుకుంటాయని బెంగ పడనవసరం లేదు, పిల్లలకు అది ఇబ్బంది కాదు.

సీటును కారు వెనుక సీట్లోనే బిగించాలి. ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందు సీట్లో వెనక్కి తిరిగిన సీటును ఎన్నడూ పెట్టకూడదు. ఆ సంచి తెరుచుకునే వేగానికి బిడ్డ ప్రాణం పోవచ్చు. బిగించిన తరువాత బెల్టు వెళ్ళే చోట పట్టుకుని ఊపి చూడండి. ఒక అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. వెనక్కి తిరిగిన సీటులో భుజాల పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గాని, కొంచెం కిందనుండి గాని రావాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత పడకూడదు. చలికాలంలో స్వెట్టరు వేసి, శాలువా చుట్టి, ఆ పైన పట్టీలు పెట్టడం మన అలవాటు. అప్పుడు పట్టీ బిగుతుగా ఉన్నట్లు కనిపిస్తుంది కాని లోపల ఖాళీ ఉంటుంది. ముందు పట్టీలు బిగించి, దుప్పటి పైన కప్పండి. మన వేసవి సంగతి వేరు. ఎండలో నిలిపిన కారులో సీటు బకిల్ వాతపెట్టేంత కాలుతుంది. మీ చేయి పెట్టి చూసిన తరువాతే బిడ్డను కూర్చోబెట్టండి. కారు ఆపి కూరగాయలకు దిగినా బిడ్డను లోపల ఒంటరిగా వదలవద్దు. పది నిమిషాల్లోనే లోపలి వేడి 10 డిగ్రీల దాకా పెరుగుతుంది.

బిడ్డ ఏడిస్తే బండి పక్కకు ఆపి పాలివ్వండి, నడుస్తున్న కారులో పట్టీలు విప్పవద్దు. దూరప్రయాణంలో రెండు గంటలకు ఒకసారైనా బిడ్డను బయటకు తీసి పడుకోబెట్టండి. ఇంటికి చేరాక నిద్ర చెడుతుందని సీటులోనే ఉంచేయకండి. తల ముందుకు వాలితే శ్వాస ఆడదు.

నాలుగేళ్ళు దాటిన పిల్లల మాటా మరువవద్దు. పెద్దల బెల్టు వారి మెడకు, పొట్టకు అడ్డం పడుతుంది. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు బూస్టరు సీటు మీద కూర్చోబెడితే బెల్టు భుజం మీద, తొడల పైభాగంలో సరిగా ఉంటుంది. 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా కారు నడిపితే 1000 రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. జరిమానాకు భయపడి కాకపోయినా ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

కారు లేని కుటుంబాలు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. ఆటోలో ఈ సీటు బిగించే వీలు లేదు. కాబట్టి వీలైతే డిశ్చార్జి రోజుకైనా బెల్టులున్న కారు మాట్లాడుకోండి. స్కూటరు మీద పసిబిడ్డను తీసుకువెళ్ళవద్దని మా మనవి. 2023 ఫిబ్రవరి నుండి నాలుగేళ్ళలోపు పిల్లలను నడిపేవారితో కలిపి కట్టే పట్టీ, 9 నెలలు దాటినవారికి హెల్మెట్, 40 కిలోమీటర్లు మించని వేగం తప్పనిసరి.

సీటు ఖరీదు కొందరికి భారమే. పసిబిడ్డల సీటు ఏడాదికే చిన్నదైపోతుంది కనుక సంఘంలో ఒకరి తరువాత ఒకరు వాడుకోవచ్చు. అమెరికా నుండి బంధువులు తెచ్చినదైనా సరే, దానిమీద ముద్రించిన గడువు తేదీ చూడండి. మీ కారుకు సరిపోతుందో లేదో చూసుకోండి. ఒకసారి ప్రమాదంలో ఉన్న సీటును, చరిత్ర తెలియని సీటును ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఆ వాలులో శ్వాస సరిగా ఆడుతుందో లేదో ముందే చూడాలి. కాబట్టి వారి తల్లిదండ్రులు డాక్టరుగారిని అడగండి. సీటు ఉన్నవారు డిశ్చార్జికి ముందురోజే దానిని వార్డుకు తెస్తే, మా సిస్టర్లు బిడ్డను అందులో పెట్టి, పట్టీలు సరిచేసి చూపిస్తారు.