సౌర ఫలకాల కంటే ముందు మీటరు పెట్టె

ఇంటి పైకప్పుపై సౌర ఫలకాలు అమర్చుకొనే గృహస్థులకు కేంద్ర ప్రభుత్వం ఇస్తున్న రాయితీ గురించి నేడు మన కుటుంబాలలో విస్తారంగా చర్చ సాగుతోంది. జుమా నమాజు ముగిశాక మస్జిదు ఆవరణలో నిలిచి మాట్లాడుకొనేవారి నోటా ఈ మాటే వినవస్తోంది. ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నవే అందరి ప్రశ్నలు. ఆ విద్యుత్తును స్వీకరించడానికి ఇంటిలోని తీగలు, మీటరు పెట్టె, ఎర్తింగు సిద్ధంగా ఉన్నాయా అని విచారించేవారు మాత్రం అరుదు. ఆ పైకప్పు అసలు ఎవరిది అన్న ప్రశ్న మరీ అరుదు.

'పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన' 2024 ఫిబ్రవరిలో ఆరంభమైంది. కోటి గృహాలను లక్ష్యంగా పెట్టుకొని రూ.75,021 కోట్లు కేటాయించారు. మొదటి 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు రూ.30 వేలు, మూడవ కిలోవాటుకు రూ.18 వేలు, వెరసి రూ.78 వేలు రాయితీగా లభిస్తుంది. అంతకు మించి ఎన్ని కిలోవాట్లు అమర్చుకున్నా రాయితీ పెరగదు. కాబట్టి మధ్యతరగతి కుటుంబం 3 కిలోవాట్లతో సరిపెట్టుకోవడంలో నష్టమేమీ లేదు. ఒక కిలోవాటు ఫలకాలకు సుమారు వంద చదరపు అడుగుల నీడపడని స్థలం కావాలి. అవి రోజుకు సగటున నాలుగు యూనిట్ల విద్యుత్తునిస్తాయి. నీళ్ళ ట్యాంకు నీడో, పొరుగింటి వేపచెట్టు నీడో ఒక ఫలకంపై పడితే దానితో వరుసగా కలిపిన తక్కిన ఫలకాల ఉత్పత్తి కూడా కుంటుపడవచ్చు.

ముందుగా తమ బిల్లు చూసుకోవాలి. తెలంగాణలో గృహజ్యోతి పథకం క్రింద నెలకు 200 యూనిట్ల లోపు వాడుతూ సున్నా బిల్లు పొందుతున్న పేద కుటుంబం, విక్రేత మాటలు విని లక్షన్నర పెట్టుబడి పెట్టడంలో అర్థం లేదు. వేసవిలో ఏసీ, చలికాలంలో గీజరు వాడుతూ వేల రూపాయల బిల్లు చెల్లించే ఇంటికే ఈ పథకం నిజమైన ఊరట.

ఇక పైకప్పు సంగతి. మన ఇళ్ళలో విద్యుత్ కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఒకసారి చూడండి. చాలాచోట్ల అది పదేళ్ళ క్రితం మరణించిన తండ్రిగారి పేరునో, తాతగారి పేరునో ఉంటుంది. దరఖాస్తుదారు ఇంటి యజమాని అయి ఉండాలన్నది పథకం నిబంధన. బిల్లులోని పేరు, రాయితీ జమ కావలసిన బ్యాంకు ఖాతాలోని పేరు ఒకటి కాకపోతే చిక్కులు తప్పవు. అందుచేత ముందు కనెక్షన్ పేరు మార్చుకోవాలి. పేరు మార్పుకు డిస్కం కార్యాలయానికి వెళితే వారసుల అంగీకారపత్రం అడుగుతారు. అక్కడే, ఏళ్ళ తరబడి వాయిదా వేసిన వారసత్వ పంపకం మన కళ్ళెదుట నిలుస్తుంది.

ఆ ఇంటిలో నివసించే పెద్ద కుమారుడు 'ఇల్లు నాది కదా' అని భావిస్తాడు. షరీఅతు దృష్టిలో ఆ ఇంటి గోడల్లోనూ, ఆ డాబాలోనూ తల్లికి, తమ్ముళ్ళకు, అత్తవారింటికి వెళ్ళిన అక్కచెల్లెళ్ళకు నిర్ణీత వాటాలున్నాయి. ఒకసారి అమర్చిన ఫలకాలు ఆ స్థలాన్ని ఇరవై, ఇరవై అయిదేళ్ళు ఆక్రమిస్తాయి. పై అంతస్తు కట్టుకోవాలన్న తమ్ముడి ఆశ అంతటితో ఆగిపోతుంది. కాబట్టి అందరినీ కూర్చోబెట్టి, వాటాలు తేల్చి, వారి సమ్మతిని కాగితంపై వ్రాయించుకొన్న తర్వాతే దరఖాస్తు చేయడం ధర్మం. చెల్లెలు సంతకం పెట్టింది కదా అంటే చాలదు. దేనికి పెడుతున్నదో ఆమెకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఇంటి లోపలికి వద్దాం. ముప్పై నలభై ఏళ్ళ క్రితం కట్టిన ఇంట్లో అప్పటి వాడకం రెండు ట్యూబులైట్లు, నాలుగు ఫ్యాన్లు, ఒక ఇస్త్రీపెట్టె. గోడలో వేసిన తీగ ఆ బరువుకు తగినది. నేడు అదే తీగపై ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, గ్రైండరు, నీళ్ళ మోటారు, ఏసీ అన్నీ ఆధారపడి ఉన్నాయి. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే సుమారు 7 ఆంపియర్లు, 2 కిలోవాట్ల గీజరు 9 ఆంపియర్ల కరెంటు లాగుతాయి. దీపాలకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ చాలు. ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను బోర్డు నుండి విడిగా తీసుకురావడం మంచి పద్ధతి. సన్నని తీగలో అధిక విద్యుత్తు ప్రవహిస్తే అది వేడెక్కుతుంది, పైపొర కరుగుతుంది, ఒకనాటి రాత్రి అగ్గి రాజుకొంటుంది.

పాత ఇళ్ళలో పింగాణీ ఫ్యూజులు ఇంకా కనిపిస్తాయి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని విసిగి, అందులో లావుపాటి రాగి తీగ చుట్టడం మనవారికి అలవాటు. అది కాపలాదారుని నిద్రపుచ్చడమే. ఎంసీబీలు బిగించిన ఇళ్ళలోనూ ఈ జబ్బే వేరే రూపంలో ఉంది: 16 ఆంపియర్లది పడిపోతోందని 32 ఆంపియర్లది పెట్టించుకొంటారు, తీగ మాత్రం పాతదే. మరొక విషయం కూడా గ్రహించాలి. ఎంసీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. తడి చేతితో మోటారును తాకిన తల్లిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. దాని ఖరీదు సౌర వ్యవస్థ ఖరీదులో స్వల్పాంశం. అయినా ఫలకాల కంపెనీ పేరు గుచ్చిగుచ్చి అడిగేవారు ఇంట్లో ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడరు!

ఎర్తింగు విషయం మరీ దయనీయం. ఆకుపచ్చ తీగను కత్తిరించి గోడలో వదిలేసిన ఇళ్ళు, నల్లా పైపుకు చుట్టి చేతులు దులుపుకొన్న ఇళ్ళు నేను చాలా చూశాను. సౌర వ్యవస్థకు ఫలకాల చట్రానికి ఒకటి, ఇన్వర్టరు వైపు ఒకటి, పిడుగు నిరోధకానికి ఒకటి చొప్పున వేర్వేరు గుంతలు తవ్వాలి. పని జరిగేటప్పుడు ఇంటివారు దగ్గరుండి ఆ గుంతలు లెక్కపెట్టుకోవాలి.

ఇన్వర్టరు నుండి వచ్చే విద్యుత్తుకు బోర్డులో ప్రత్యేక ఎంసీబీ, దానికి తగిన చోటు ఉండాలి. ఇంటి మెయిన్ స్విచ్ ఆపినా, ఎండ ఉన్నంతసేపు ఫలకాల నుండి ఇన్వర్టరు దాకా దిగే తీగల్లో విద్యుత్తు ఉంటుందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. డాబాపై బట్టలు ఆరవేసే స్త్రీలకు, గాలిపటాలు ఎగురవేసే పిల్లలకు ముఖ్యంగా చెప్పాలి.

2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం 10 కిలోవాట్ల లోపు సౌర దరఖాస్తులకు సాంకేతిక సాధ్యతా పరిశీలన అవసరం లేదు. అందుకు తగినట్లు మంజూరైన లోడు పెంచే బాధ్యత డిస్కంది. అయితే ఈ సౌలభ్యమంతా మీటరు వరకే. మీటరు దాటి ఇంటి లోపల తీగలు మార్చడానికి ఈ పథకంలో ఒక్క రూపాయి రాయితీ లేదు. ఆ ఖర్చును ముందే లెక్కలో చేర్చుకోవాలి. ఫలకాలకు డబ్బంతా వెచ్చించి, 'వైరింగు వచ్చే ఏడు చూద్దాం' అనుకోవడం తలక్రిందుల పని.

కరెంటు పోయినా ఇక మనకు చింత లేదని చాలామంది భ్రమపడుతున్నారు. బ్యాటరీ లేని, గ్రిడ్డుకు అనుసంధానమైన వ్యవస్థ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభంపై పనిచేసే లైన్‌మన్ ప్రాణాలు కాపాడడానికే ఈ ఏర్పాటు.

ఇక పైకం. రాయితీ ముందుగా రాదు. వ్యవస్థ అమర్చి, డిస్కం తనిఖీ చేసి, రెండు వైపులా లెక్కించే మీటరు బిగించిన తర్వాత నేరుగా వినియోగదారుని ఖాతాలో జమ అవుతుంది. అంతవరకు మొత్తం సొమ్ము మనమే సమకూర్చుకోవాలి. దీని కోసం ప్రభుత్వ రంగ బ్యాంకులు పూచీకత్తు లేకుండా 2 లక్షల వరకు రుణమిస్తున్నాయి. పథకం ఆరంభంలో ప్రకటించిన వడ్డీ సుమారు 7 శాతం. శాతం తక్కువైనంత మాత్రాన వడ్డీ వడ్డీ కాకుండా పోదు. రాయితీ ప్రభుత్వం ప్రజలకిచ్చే సహాయం, దానిని స్వీకరించడానికి సంకోచించనవసరం లేదు. ఈ రెంటినీ కలిపి చూపి 'పథకమే హరాం' అనేవారూ, 'ప్రభుత్వ పథకం కదా, అంతా హలాలే' అనేవారూ ఇద్దరూ తొందరపడుతున్నారు.

వడ్డీ లేని దారులు ఉన్నాయి. రాయితీ వచ్చే వరకు ఆ 60 లేదా 78 వేలను బంధువులలో స్తోమత గలవారు ఖర్జె హసనాగా ఇవ్వవచ్చు. గడువుతో సహా వ్రాసుకొని, సాక్షులను పెట్టుకోవాలి. అప్పును వ్రాసుకోవాలన్న ఆజ్ఞ బఖరా సూరాలో ఎంత వివరంగా ఉందో మనకు తెలుసు, ఆచరణలోనే బంధుప్రీతి అడ్డువస్తుంది. విక్రేతతో వాయిదాల బేరం కూడా కుదుర్చుకోవచ్చు. నగదు ధర కంటే వాయిదా ధర ఎక్కువైనా, ఒప్పందం నాడే ఒకే ధర నిర్ణయమైతే అది వ్యాపారమేనని అధిక సంఖ్యాక ఫుఖహాల అభిప్రాయం. వాయిదా ఆలస్యమైతే ధర పెరుగుతుందన్న షరతు చేరిన మరుక్షణం అది వడ్డీ అవుతుంది. వడ్డీలేని పరపతి సంఘాలున్న పట్టణాల్లో వాటినీ విచారించాలి.

విక్రేతను జాతీయ పోర్టల్‌లో నమోదైనవారి నుండే ఎంచుకోవాలి. ఫలకాలు భారతదేశంలో తయారైనవి కాకుంటే రాయితీ రాదు. అయిదేళ్ళ నిర్వహణ బాధ్యత విక్రేతదేనన్న మాట ఒప్పందంలో ఉందో లేదో చదివి చూడాలి. 'రాయితీ మా ఖాతాకు వస్తుంది, మిగతాది మీరివ్వండి' అనేవానితో అక్కడికక్కడే బేరం చాలించుకోవడం మేలు. ఫలకాలపై దుమ్మును ఎండ ముదరక ముందే, ఉదయపు వేళ మంచినీటితో కడగాలి. రమజాను నెలలో సహరీ వేళ ఫలకాలు ఏమీ ఇవ్వవు. అయినా పగలు గ్రిడ్డుకు పంపిన యూనిట్లు ఆ వాడకానికి చెల్లవుతాయి. కాబట్టి ప్రతి నెలా బిల్లులో గ్రిడ్డు నుండి తీసుకొన్న యూనిట్లు, పంపిన యూనిట్లు రెండూ నమోదయ్యాయో లేదో సరిచూసుకోవాలి. పంపిన గడి ఖాళీగా కనిపిస్తే ఆ వారంలోనే డిస్కం కార్యాలయానికి వ్రాతపూర్వకంగా తెలియజేయాలి.