మీకు తెలుసా? చర్చి కూలింది, గుడి గోడ నిలిచింది
1950 మే 21న పెరూలోని కుస్కో నగరాన్ని భూకంపం కుదిపేసినప్పుడు స్పానిష్ వాళ్లు కట్టిన శాంటో డొమింగో చర్చి బాగా దెబ్బతింది. దాని కిందున్న ఇంకాల సూర్యాలయం గోడలు మాత్రం చెక్కుచెదరలేదు.

• ఆండీస్ పర్వతాల్లో దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న కుస్కోను స్పానిష్ సేనలు 1533లో పట్టుకున్నాయి. కొరికాంచా అనే ఆ ఆలయం మీదే చర్చి కట్టారు.

• ఆ గోడల్లో సున్నం లేదు. బ్లేడు కూడా దూరనంత బిగువుగా రాళ్లు చెక్కి పేర్చారు. గోడలు కాస్త లోపలికి వాలి ఉంటాయి. గుమ్మాలు కింద వెడల్పు, పైన ఇరుకు.

• భూకంపాలను తట్టుకునేందుకు మన పెద్దలు పన్నిన ఉపాయం చూడాలంటే తెలంగాణలోని రామప్ప గుడికి వెళ్లాలి. 1213 నాటి ఆ గుడిని ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టారు. యునెస్కో వారసత్వ గుర్తింపు కుస్కోకు 1983లో, రామప్పకు 2021లో దక్కింది.