అరుదైన వ్యాధిపై కుటుంబాల సమష్టి పోరు: ప్రొజీరియా పరిశోధనకు ఊపిరి పోసిన స్వచ్ఛంద సంస్థ

(ప్రత్యేక వ్యాసం)

ఒక వ్యాధి లక్షలాది మందిని పీడిస్తున్నప్పుడు ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, ఔషధ సంస్థలు దానిపై దృష్టి సారించడం సహజం. కోట్ల మందిలో ఒకరికి మాత్రమే వచ్చే వ్యాధి విషయంలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. రోగుల సంఖ్య స్వల్పం కావడం వల్ల పరిశోధనకు నిధులు లభించవు. ఔషధ తయారీకి విపణి ఉండదు. అటువంటి రోగిని ఒక్కసారైనా చూసిన అనుభవం చాలామంది వైద్యులకు ఉండదు. ఈ లోటును పూరించేందుకు పలు దేశాలలో బాధిత కుటుంబాలే స్వచ్ఛంద సంస్థలుగా ఏర్పడి ముందుకు వస్తున్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1999లో ఏర్పాటైన ప్రొజీరియా రీసెర్చ్ ఫౌండేషన్ ఇందుకు చెప్పుకోదగిన ఉదాహరణ. సంస్థ ఏర్పడిన నాలుగేళ్లకే వ్యాధికి మూలమైన జన్యులోపం వెలుగులోకి వచ్చింది. 21 ఏళ్లకు తొలి ఔషధానికి అనుమతి లభించింది. ఏటా ఫిబ్రవరి నెల చివరి రోజున అరుదైన వ్యాధుల దినోత్సవాన్ని పాటిస్తున్న నేపథ్యంలో ఈ సంస్థ అనుసరించిన మార్గం మన దేశంలోని అధికారులు, స్వచ్ఛంద సంస్థలు, పాత్రికేయులు పరిశీలించదగినది.

వ్యాధి స్వభావం

బాల్యంలోనే వార్ధక్య లక్షణాలు కనిపించే వ్యాధి ప్రొజీరియా. బ్రిటన్‌కు చెందిన వైద్యులు జొనాథన్ హచిన్సన్ 1886లోనూ, హేస్టింగ్స్ గిల్‌ఫర్డ్ 1897లోనూ దీనిని వర్ణించారు. అందువల్ల వైద్యశాస్త్రంలో దీనిని హచిన్సన్–గిల్‌ఫర్డ్ ప్రొజీరియా సిండ్రోమ్ అని వ్యవహరిస్తారు. సుమారు 40 లక్షల జననాలలో ఒకరికి ఈ వ్యాధి వస్తుందని అంచనా. జీవించి ఉన్న జనాభాను లెక్కలోకి తీసుకుంటే దాదాపు 2 కోట్ల మందికి ఒకరు ఈ వ్యాధితో ఉంటారు.

ఈ వ్యాధి ఉన్న శిశువులు పుట్టినప్పుడు సాధారణంగా ఆరోగ్యంగానే కనిపిస్తారు. మొదటి రెండేళ్లలో ఎదుగుదల మందగించడం, జుట్టు రాలిపోవడం, చర్మం కింది కొవ్వు తరిగిపోవడం, కీళ్లు బిగుసుకుపోవడం వంటి లక్షణాలు ఒకదాని వెంట ఒకటి బయటపడతాయి. పైకి కనిపించే ఈ మార్పుల కంటే లోపల రక్తనాళాలలో జరిగే మార్పు ప్రమాదకరమైనది. వృద్ధులలో కనిపించే రీతిలో ధమనులు గట్టిపడి, గుండెపోటు లేదా పక్షవాతానికి దారితీస్తాయి. చికిత్స లేని పక్షంలో ఈ పిల్లల సగటు ఆయుర్దాయం 14.5 సంవత్సరాలు మాత్రమే. అయితే వీరి తెలివితేటలు వయసుకు తగినట్లుగానే వికసిస్తాయి. తోటి పిల్లలతో సమానంగా చదువుకోగలరు. దేహం వార్ధక్యాన్ని సంతరించుకున్నా మనసు మాత్రం ఆ వయసు పిల్లల మనసే.

సంస్థ ఆవిర్భావం

అమెరికాకు చెందిన వైద్య దంపతులు డాక్టర్ లెస్లీ గోర్డన్, డాక్టర్ స్కాట్ బెర్న్స్‌ల కుమారుడు శామ్ బెర్న్స్ 1996లో జన్మించాడు. 1998లో అతనికి ప్రొజీరియా ఉన్నట్లు నిర్ధారణ అయింది. ఆనాటికి ఈ వ్యాధికి కారణం తెలియదు. నిర్ధారణ చేసే జన్యు పరీక్ష లేదు. చికిత్స లేదు. వైద్యవృత్తిలో ఉన్న తల్లిదండ్రులకే సమాచారం లభించని స్థితి. ఈ పరిస్థితిలో వారు మరుసటి సంవత్సరమే బంధుమిత్రుల సహకారంతో ఫౌండేషన్‌ను నెలకొల్పారు. లెస్లీ సోదరి, న్యాయవాది ఆడ్రీ గోర్డన్ సంస్థ నిర్వహణ బాధ్యతలు స్వీకరించారు. తన శాస్త్రీయ కృషిని లెస్లీ గోర్డన్ ఈ వ్యాధి పరిశోధనకే అంకితం చేశారు.

పరిశోధనకు పునాదులు

సంస్థ చేపట్టిన తొలి కార్యక్రమాలలో కుటుంబాలకు ధైర్యం చెప్పడంతో పాటు పరిశోధనకు కావలసిన ముడిసరుకును సమకూర్చడం ముఖ్యమైనది. అరుదైన వ్యాధి రోగులు వేర్వేరు దేశాలలో విడివిడిగా ఉంటారు. ఏ ఒక్క ప్రయోగశాలకూ తగినన్ని నమూనాలు లభించవు. అందువల్ల సంస్థ ప్రపంచంలోని ప్రొజీరియా బాలల వివరాలతో ఒక అంతర్జాతీయ రిజిస్ట్రీని రూపొందించింది. పిల్లల నుంచి సేకరించిన కణాలు, కణజాలాలతో ఒక బ్యాంకును ఏర్పాటు చేసి, అర్హులైన శాస్త్రవేత్తలకు అందుబాటులోకి తెచ్చింది. వైద్య నివేదికలను ఒకచోట చేర్చి డేటాబేస్‌గా మలచింది. జన్యులోపం తెలిసిన తరువాత నిర్ధారణ పరీక్షను కుటుంబాలకు ఉచితంగా అందించే ఏర్పాటు చేసింది. రోజువారీ సంరక్షణపై కుటుంబాలకు, వైద్యులకు ఉపయోగపడే కరదీపికను వివిధ భాషలలో ప్రచురించింది.

గుర్తింపునకు నోచుకోని పిల్లలను వెదకి పట్టుకోవడానికి 2009లో సంస్థ ఒక ప్రచార ఉద్యమాన్ని ప్రారంభించింది. జనాభా లెక్కల ప్రకారం ప్రపంచంలో ఇంకా 150 మంది బాధితులు ఎక్కడో ఉండి ఉంటారన్న అంచనాతో, ఆ 150 మందిని వెదకుదాం అన్న పిలుపుతో ఈ కార్యక్రమం సాగింది. ఇందుకు పత్రికలు, టెలివిజన్ ప్రసారాలు ప్రధాన సాధనాలయ్యాయి. వార్తలో ఫొటో చూసి తమ బిడ్డ వ్యాధి పేరు తెలుసుకున్న కుటుంబాలు పలు దేశాలలో ఉన్నాయి.

జన్యులోపం గుర్తింపు

ఫౌండేషన్ చొరవతో ఏర్పడిన శాస్త్రవేత్తల బృందం 2003లో ప్రొజీరియాకు కారణమైన జన్యువును గుర్తించింది. అమెరికా జాతీయ మానవ జన్యు పరిశోధన సంస్థకు అప్పట్లో సారథ్యం వహిస్తున్న డాక్టర్ ఫ్రాన్సిస్ కాలిన్స్ ప్రయోగశాలలో మరియా ఎరిక్సన్ తదితరులు జరిపిన ఈ పరిశోధన నేచర్ పత్రికలో వెలువడింది. అదే కాలంలో ఫ్రాన్స్‌కు చెందిన శాస్త్రవేత్తలు కూడా స్వతంత్రంగా ఇదే నిర్ణయానికి వచ్చారు.

మానవ కణంలోని కేంద్రకానికి దృఢత్వాన్ని ఇచ్చే లామిన్–ఎ అనే ప్రోటీన్ తయారీకి ఆదేశాలిచ్చే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడమే ఈ వ్యాధికి మూలం. ఈ మార్పు వల్ల ప్రోటీన్‌లో 50 అమైనో ఆమ్లాల భాగం లోపిస్తుంది. సాధారణంగా లామిన్–ఎ తయారయ్యేటప్పుడు దాని చివర ఫార్నెసిల్ అనే కొవ్వు పదార్థం కొక్కెంలాగా తగులుకుని, ప్రోటీన్‌ను కేంద్రకం పొర వద్దకు చేరుస్తుంది. పని పూర్తయిన తరువాత ఒక ఎంజైమ్ ఆ కొక్కెం ఉన్న కొసను కత్తిరించివేస్తుంది. ప్రొజీరియాలో కత్తిరించవలసిన చోటే లోపించడం వల్ల కొక్కెం అలాగే ఉండిపోతుంది. ఈ లోపభూయిష్ట ప్రోటీన్‌కు ప్రొజెరిన్ అని పేరు. ఇది పొరకు అంటిపెట్టుకుని పేరుకుపోయి, కేంద్రకం ఆకారాన్ని వికృతం చేసి, కణాన్ని దెబ్బతీస్తుంది.

ఈ జన్యుమార్పు దాదాపు అన్ని సందర్భాలలోనూ తల్లిదండ్రుల నుంచి సంక్రమించినది కాదు, కొత్తగా ఏర్పడినది. తల్లిదండ్రుల తప్పిదం గాని, మేనరికం గాని, గర్భిణి ఆహారం గాని దీనికి కారణం కాదు. ఈ విషయాన్ని కుటుంబాలకు, ఇరుగుపొరుగువారికి స్పష్టంగా తెలియజెప్పవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఔషధ ప్రయోగాలు

వ్యాధి కారణం తెలియడంతో చికిత్సకు దారి సుగమమైంది. ఫార్నెసిల్ కొక్కెం తగులుకోకుండా అడ్డుకునే లోనాఫార్నిబ్ అనే ఔషధం అప్పటికే కేన్సర్ చికిత్స కోసం పరిశోధనలో ఉంది. దీనిని ప్రొజీరియా బాలలపై పరీక్షించే తొలి క్లినికల్ ప్రయోగం 2007లో బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో ప్రారంభమైంది. 16 దేశాలకు చెందిన 28 మంది పిల్లలు ఇందులో పాల్గొన్నారు. రెండేళ్లపాటు ప్రతి నాలుగు నెలలకు ఒకసారి కుటుంబాలు బోస్టన్‌కు రావలసి ఉండగా, వారి ప్రయాణం, వసతి వంటి ఏర్పాట్లకు ఫౌండేషన్ అండగా నిలిచింది. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం కొందరు పిల్లలలో బరువు పెరుగుదల, రక్తనాళాల మృదుత్వం, ఎముకల నిర్మాణం మెరుగుపడ్డాయి.

ఔషధం తీసుకున్న 27 మందిని, తీసుకోని 27 మందితో పోల్చిన అధ్యయనం 2018లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడింది. సుమారు 2.2 సంవత్సరాల పరిశీలన కాలంలో ఔషధం తీసుకున్నవారిలో ఒకరు, తీసుకోనివారిలో 9 మంది మరణించినట్లు ఇందులో తేలింది. 2020 నవంబర్ 20న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లోనాఫార్నిబ్‌ను జోకిన్వీ పేరుతో వినియోగించేందుకు అనుమతించింది. ప్రొజీరియాకు అనుమతి పొందిన మొట్టమొదటి ఔషధం ఇదే. గరిష్ఠంగా 11 ఏళ్ల పరిశీలనలో ఈ ఔషధం సగటున 2.5 సంవత్సరాల ఆయుష్షును పెంచినట్లు నియంత్రణ సంస్థ పేర్కొంది. ఐరోపా సమాఖ్య 2022లో అనుమతి ఇచ్చింది.

రెండున్నరేళ్లు అనగానే స్వల్పమనిపించవచ్చు. సగటున పద్నాలుగేళ్లు జీవించే బిడ్డకు అది ఆయుష్షులో ఆరవ వంతుకు పైమాటే. అయితే ఇది వ్యాధిని నిర్మూలించే ఔషధం కాదు. వాంతులు, విరేచనాలు వంటి దుష్ఫలితాలు కూడా ఉన్నాయి. సంస్థ స్థాపనకు ప్రేరణ అయిన శామ్ బెర్న్స్ తొలి ప్రయోగంలో పాల్గొని, ఔషధానికి అనుమతి లభించడానికి ఆరేళ్లకు పైగా ముందే, 2014 జనవరిలో 17వ ఏట కన్నుమూశాడు. సంస్థ కార్యక్రమాలు ఆ తరువాతా కొనసాగాయి.

ముందున్న పరిశోధన

మారిన ఒక్క అక్షరాన్ని తిరిగి సరిదిద్దే జన్యు సవరణ విధానంపై ప్రస్తుతం పరిశోధకులు దృష్టి సారించారు. 2021లో డాక్టర్ డేవిడ్ లియూ బృందం, ఫ్రాన్సిస్ కాలిన్స్ తదితరులు ప్రొజీరియా జన్యులోపం ఉన్న ఎలుకలపై ఈ విధానాన్ని ప్రయోగించారు. ఒకే ఒక్క ఇంజెక్షన్‌తో వాటి మధ్యస్థ ఆయుష్షు 215 రోజుల నుంచి 510 రోజులకు పెరిగింది. రక్తంలో ప్రొజెరిన్ పరిమాణాన్ని కొలిచే పద్ధతిని 2023లో లెస్లీ గోర్డన్ బృందం ప్రకటించింది. తద్వారా కొత్త ఔషధాల ప్రభావాన్ని త్వరగా అంచనా వేసే వీలు కలుగుతుంది. వయసు పైబడిన ఆరోగ్యవంతుల కణాలలో సైతం ప్రొజెరిన్ స్వల్పంగా ఉన్నట్లు పరిశోధనలు వెల్లడించాయి. అందువల్ల కొద్దిమంది పిల్లల కోసం సాగుతున్న ఈ పరిశోధన, వార్ధక్యాన్ని అర్థం చేసుకోవడానికీ తోడ్పడుతున్నది.

మన దేశంతో సంబంధం

అమితాబ్ బచ్చన్ ప్రొజీరియా బాలుడిగా నటించిన హిందీ చిత్రం పా 2009లో విడుదల కావడంతో ఈ వ్యాధి పేరు మన దేశంలో సామాన్యులకు తెలిసింది. 2 కోట్ల మందికి ఒకరు అన్న అంచనాను 2011 జనాభా లెక్కలకు అన్వయిస్తే దేశంలో సుమారు 60 మంది, 8.46 కోట్ల జనాభా గల నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నలుగురు బాధితులు ఉండే అవకాశం ఉంది. లామిన్ ప్రోటీన్లపై హైదరాబాద్‌లోని సీసీఎంబీలో శాస్త్రవేత్త డాక్టర్ వీణా పర్నాయక్ బృందం దీర్ఘకాలం పరిశోధనలు నిర్వహించింది. జోకిన్వీ ఔషధంపై హక్కులను 2024లో పొందిన సెంటినల్ థెరప్యూటిక్స్, అహ్మదాబాద్ కేంద్రంగా గల జైడస్ లైఫ్‌సైన్సెస్‌కు అనుబంధ సంస్థ కావడం గమనార్హం.

కేంద్ర ప్రభుత్వం 2021లో జాతీయ అరుదైన వ్యాధుల విధానాన్ని ప్రకటించింది. విధానంలో చేర్చిన వ్యాధులకు, గుర్తించిన విశిష్ట కేంద్రాలలో చికిత్స నిమిత్తం ఇచ్చే ఆర్థిక సహాయ పరిమితిని 2022లో 50 లక్షల రూపాయలకు పెంచింది. ఈ కేంద్రాలలో హైదరాబాద్‌లోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్ కేంద్రం ఉమ్మడిగా ఉన్నాయి.

గమనించవలసిన అంశాలు

ఈ సంస్థ అనుభవం నుంచి క్షేత్రస్థాయి యంత్రాంగం గ్రహించవలసినవి ప్రధానంగా మూడు. మొదటిది, సకాలంలో గుర్తింపు. అంగన్‌వాడీ కేంద్రంలో బరువు తూచేటప్పుడు ఎదుగుదల నిలిచిపోయి, జుట్టు రాలుతున్న శిశువు కనిపిస్తే పోషకాహార లోపంగా మాత్రమే భావించకుండా జన్యు వైద్య నిపుణుల వద్దకు పంపాలి. రెండవది, నమోదు. ఎంత మంది ఉన్నారో తెలియనిదే పరిశోధన గాని, ఆర్థిక సహాయం గాని ముందుకు సాగదు. మూడవది, చదువు. మేధస్సు లోపించని ఈ పిల్లలను పాఠశాలకు దూరం చేయడానికి కారణం లేదు.

పత్రికా రచయితల బాధ్యత కూడా తక్కువది కాదు. వింత శిశువు, ముసలి బాలుడు, శాపగ్రస్తుడు వంటి శీర్షికలు కుటుంబాలను మరింతగా ఇంటికే పరిమితం చేస్తాయి. వ్యాధి పేరు, పరీక్ష జరిగే చోటు, సహాయం లభించే మార్గం తెలిపే వార్త మాత్రం మరొక ఊరిలోని మరొక తల్లికి దారి చూపుతుంది. 1998లో వైద్యులైన తల్లిదండ్రులకే దొరకని సమాచారం నేడు అందుబాటులో ఉన్నది. దానిని మారుమూల గ్రామం వరకు చేర్చగలిగినప్పుడే ఆ కృషి ఫలితం మన పిల్లలకు అందుతుంది.